తిండికి ముందు బిళ్ళ

మూడోసారి కూడా డాక్టరుగారు ఫోనెత్తలేదు. పుష్పలతకి ఒళ్ళు మండిపోయింది. ఏలూరులో ఈ ప్రైవేటాసుపత్రి మందుల కౌంటర్లో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఫార్మసీ చదువు చదివింది. ఏం లాభం? ఇక్కడ అందరి దృష్టిలోనూ ఆవిడ పని ఒకటే: చీటీ చూడు, బిళ్ళలు కత్తిరించు, కవర్లో పడెయ్. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగిందా, వెనకాల క్యూ అంతా "ఏవండీ, బస్సెళ్ళిపోద్దండీ" అని ఒకటే గోల.

కౌంటరవతల క్రిస్టినా నిలబడి ఉంది. కొల్లేరు లంకలో చేపల చెరువుకి కాపలా ఉండే అహరోను కూతురు. తండ్రి పక్కనే బెంచీ మీద కూలబడి ఉన్నాడు. నెల్లాళ్ళలో ఇది మూడోసారి. ప్రతిసారీ అదే తంతు. మధ్యాహ్నం మూడింటప్పుడు చెరువుగట్టు మీద ఒళ్ళు వణికి పడిపోవడం, ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైను ఎక్కించడం, ఆటోలో వేసుకుని ఇక్కడికి పరుగెత్తుకు రావడం. నిన్న చేరాడు, ఇవాళ ఇంటికి పంపుతున్నారు. చీటీలో కొత్తగా ఫిట్స్ మందు, విజయవాడ వెళ్ళి మెదడుకి స్కానింగు, పైగా షుగరు బిళ్ళ డోసు రెట్టింపు.

ఆ రెట్టింపు దగ్గరే పుష్పలత చెయ్యి ఆగిపోయింది. అందుకే డాక్టరుకి ఆ ఫోన్లు.

"అమ్మాయ్, మీ నాన్నగారు ఎన్నింటికి తింటారు?"

"ఆరింటికండీ, సాయంత్రం ప్రార్థనయ్యాక. శ్రమదినాలు కదండీ, నలభై రోజులూ ఉపవాసమే."

"మరి షుగరు బిళ్ళ?"

"పొద్దున్నే వేసుకుంటారండీ. ఇవాళ కూడా నర్సుగారు వేశారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇడ్లీ మటుకు నేను తిన్నానండీ."

బెంచీ మీంచి అహరోను తలెత్తాడు. "తమరు రాసినట్టే వేసుకుంటున్నానమ్మా. ఒక్క రోజు తప్పలేదు."

నిజమే. తిండికి ముందు, పొద్దున్నే అని కవరు మీద రాసిచ్చింది పుష్పలతే. ఆయన అక్షరం పొల్లుపోకుండా తిండికి ముందే వేసుకున్నాడు. ఆ తిండి తొమ్మిది పది గంటల తర్వాత వస్తోంది, అంతే! తనూ చర్చికి వెళ్ళే మనిషే, శ్రమదినాలంటే ఏమిటో తెలిసిన మనిషే, అయినా అడగాలని తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయింది పుష్పలత.

లెక్క తేలిపోయింది. ఖాళీ కడుపు మీద ఆ బిళ్ళ షుగరుని పాతాళానికి దింపేస్తోంది. మనిషి పడిపోతున్నాడు. ఆర్‌ఎంపీ ఎక్కించేది గ్లూకోజు సెలైను. దాంతో ఏలూరు చేరేసరికి షుగరు రెండొందల నలభై చూపిస్తోంది. అది చూసి ఇక్కడ డోసు పెంచుతున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

చీటీ పట్టుకుని ఓపీ గదిలోకి వెళ్ళింది. డాక్టరు కిరణ్ కుమార్ ఆవిడకన్నా పదిహేనేళ్ళు చిన్న.

"సార్, అహరోనుగారిది ఫిట్స్ కాదేమోనండీ. షుగరు పడిపోయి..."

"వచ్చినప్పుడు టూ ఫార్టీ ఉందండీ. పడిపోవడం ఎక్కడిది? పుష్పలతగారూ, బయట క్యూ చూశారా? కౌంటరు చూసుకోండి ప్లీజ్. నెక్స్ట్!"

సెలైను సంగతి చెప్పబోయేసరికి తర్వాతి పేషెంటు కుర్చీలో కూర్చుండిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇలాంటివాళ్ళతో ఎలా వేగాలి ప్రభువా అనుకుంటూ బయటికొచ్చింది.

వచ్చేసరికి పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, అహరోను చొక్కా తడిసి ముద్దయిపోయింది. పెదవులు వణుకుతున్నాయి.

"మెర్సీ! మీటరు తీసుకురా, తొందరగా!" అని కేకేసింది. నర్సు మెర్సీ పరుగెత్తుకొచ్చి వేలు గుచ్చింది. షుగరు నలభై ఆరు. డెబ్భైకి తగ్గితేనే ప్రమాదం.

మీటరు తీసుకెళ్ళి డాక్టరుగారి టేబులు మీద పెట్టింది పుష్పలత. ఆయన చూశాడు, లేచి పరుగెత్తాడు.

ఇంతా చేస్తే, గ్లూకోజు నీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చాక పెద్దాయన మొహం తిప్పేసుకున్నాడు. "ఆరింటికి తాగుతానమ్మా. ముప్పై రెండు రోజులు నిష్ఠగా ఉన్నాను."

"దేవుడు మీ భక్తి అడిగాడు గానీ మీ ప్రాణం అడగలేదండీ! తాగుతారా, ముక్కు మూసి పొయ్యమంటారా?" అని అరిచింది. పెద్దాయన గడగడా తాగేశాడు.

పావుగంటకి కళ్ళు తేటపడ్డాయి. హాల్లోనే ఓ పక్కన మంచం వేయించి, ఇవాళ్టికి ఇక్కడే ఉంచమన్నాడు డాక్టరు. ఫిట్స్ మందు కొట్టేశాడు, స్కానింగు కొట్టేశాడు, షుగరు బిళ్ళ ఆపేసి ఇంకో రకం రాశాడు, సాయంత్రం అన్నంతో. అదంతా చేసి, "మీరు ముందే గట్టిగా చెప్పాల్సిందండీ" అన్నాడు. ఇంకెంత గట్టిగా చెప్పాలి బాబూ, డప్పు కొట్టాలా? పుష్పలత పళ్ళు నూరుకుంది.

"స్కానింగు కోసం గేదెని బేరం పెట్టేశామండీ" అని క్రిస్టినా ఏడ్చేసింది. "కొనేవాడు రేపు తోలుకుపోతానన్నాడండీ."

"ఇవ్వనని ఇప్పుడే ఫోన్ చెయ్యి" అని పుష్పలత కౌంటరు వెనక్కి వెళ్ళింది. క్యూ అప్పటికే సణుగుతోంది. ముందున్న పెంటపాడు ఆవిడ, శ్రీదుర్గ, చీటీ అందించింది. అవే షుగరు బిళ్ళలు.

"ఉపవాసాలేమైనా ఉంటారాండీ?"

"శనివారాలండీ. రాత్రికే పలహారం."

"బిళ్ళ?"

"అది మానకూడదు కదండీ!"

పుష్పలత టోకెన్లు పిలిచే మైకు అందుకుంది. "షుగరు బిళ్ళలు వేసుకుంటూ ఉపవాసాలుండేవాళ్ళు ఒక్కసారి చెయ్యెత్తండి."

ముందు గోడవారగా ఒక చెయ్యి లేచింది, బెంచీల దగ్గర రెండు, తలుపు దగ్గర ఇంకో నాలుగు, క్యూలో శ్రీదుర్గతో కలిపి మూడు. అందరూ తన దగ్గర మందులు పట్టుకెళ్ళేవాళ్ళే. పుష్పలత వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. పది. ఎవరైనా మిగిలారేమోనని పక్కకి తిరిగి చూస్తే, అహరోను మంచం పక్కన నిలబడి, నర్సు మెర్సీ కూడా చెయ్యెత్తి ఉంది.