మగ్గం గుంతలో అలుగు

మా అక్క గంగాదేవి పెళ్ళి శుక్రవారం. సోమవారం పొద్దున నాయన మగ్గం ముందు కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, దించినంత వేగంగా పైకి లాక్కున్నాడు.

"ఏందో ఉండాది లోపల," అన్నాడు.

నేను గోడ పక్కన కూర్చుని కండెలకు పట్టు చుడుతున్నాను. గుంతలోకి పామో తేలో రావడం ధర్మవరంలో వింత కాదు. అందుకే నాయన రోజూ ముందుగా కర్రతో తడిమి చూసి తర్వాతే కాళ్ళు పెడతాడు. ఆరోజు చూడలేదు. ఇంకా మూడు మూరల నేత మిగిలి ఉంది, ఆయన తొందర ఆయనది.

ఆ చీర సంగతి చెప్పాలి. మా వీధిలో ఆడపిల్ల పెళ్ళిచీర కన్నతండ్రే నేయాలి. మగ్గం మీద నిలువునా బిగించిన దారాలను పడుగు అంటాం. ఒకటి రెండు పోగులు తెగితే ముడి వేసుకుంటారు, దానికేం లేదు. చీర పూర్తికాకముందే పడుగంతా తెగిపోయిందా, ఇక ఆ ముహూర్తానికి పెళ్ళి చేయరు. పెళ్ళికొడుకు వాళ్ళది హిందూపురం. వాళ్ళూ నేతవాళ్ళే కాబట్టి ఈ పట్టింపు మాకంటే వాళ్ళకే ఎక్కువ.

అమ్మ దీపం తెచ్చింది. గుంతలో నీళ్ళ కడవంత గుండ్రటి ముద్ద ఒకటి కనిపించింది. ఒళ్ళంతా పొలుసులు, ఇంటికి పెంకులు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి. తల లేదు, కాళ్ళు లేవు. ఒక లావుపాటి తోక మాత్రం తొక్కుడు చెక్కల తాళ్ళను చుట్టుకుని ఉంది. ఆ తాళ్ళు పైన పడుగుతోనే ముడిపడి ఉంటాయి.

నాయన కర్రతో మెల్లగా కదిపాడు. ముద్ద బిగుసుకుంది. దాంతోపాటు తాళ్ళు కిందికి లాక్కుపోయాయి. టప్‌మని నాలుగు పోగులు తెగాయి. నాయన కర్ర పడేశాడు. గడప దగ్గర నిలబడి చూస్తున్న అక్క అక్కడే కూలబడింది.

పక్కింటి పెద్దప్ప వచ్చాడు. ఆయనకు ప్రతిదానికీ ఒక ఉపాయం ఉంటుంది.

"గడ్డపార తీసుకురా మార్కండేయులూ, ఒక్క పోటుతో తేలిపోతాది."

"పడుగు మీద నుంచి పొడుస్తావా?" అన్నాడు నాయన.

"అట్లయితే ఉడుకునీళ్ళు పోద్దాం."

మా అవ్వ లోపలి గదిలో శెనక్కాయలు వొలుస్తూ ఇదంతా వింటోంది. "పట్టు మీద ఉడుకునీళ్ళు పోస్తాడంట! నువ్వు నేసేది చీరలేనా, గోనెసంచులా?" అంది.

అప్పుడే వీధిలో "కట్టెలూ" అని కేక వినిపించింది. పెనుకొండ కొండల నుంచి వారం వారం కట్టెలు తెచ్చే ఉలిగప్ప. అమ్మ పరుగెత్తి పిలుచుకొచ్చింది. అతను గుంతలోకి వంగి చూసి, పెద్ద నవ్వు నవ్వాడు.

"ఓరి నీ! ఇది అలుగమ్మా. కన్నడమోళ్ళు చిప్పుహంది అంటారు. మా కొండల్లో ఉంటాది. మీ పెరటి గోడలో చెదలు పట్టింటాది, వాటికోసం తవ్వుకుంటా ఈడికొచ్చి దిగింది. తెల్లారేతలికి బయటికి పోలేకపోయింది."

"కరుస్తాదా?" అంది అమ్మ.

"కరిసేకి పండ్లుండల్ల కదా! దీనికి ఒక్క పన్నూ లేదు. నాలిక మాత్రం జానెడు పైనే ఉంటాది, జిగురు. చీమల్ని, చెదల్ని దాంతోనే నాక్కుంటాది. అవి కడుపులో నలిగేకి సన్నరాళ్ళు గూడా మింగుతాది, కోడి మాదిరి. నడిచేటప్పుడు ముందుకాళ్ళు ఎత్తుకొని రెండు కాళ్ళ మీద నడుస్తాది, మనిషి మాదిరి."

"పంచె గూడా కట్టుకుంటాదా?" అన్నాడు పెద్దప్ప.

"నవ్వుకో అబ్బా. చిరతపులి వచ్చినా ఇది పరుగెత్తదు. ఇట్లా ఉండ చుట్టుకుంటాది. పులి దొర్లించి దొర్లించి యాష్ట పడి పోవాల్సిందే. మీరు లాగేకొద్దీ బిగుస్తాది. ఆ పొలుసులు మన గోర్ల మాదిరే, కానీ అంచులు కత్తులు. పట్టుపోగులు ఒక్కటి మిగలవు."

"మరి ఏం చేయాల ఉలిగప్పా?" నాయన గొంతు నీరసంగా ఉంది.

"ఏమీ చేయాకండి. భయం పోతే దానంతట అదే విచ్చుకుంటాది. దానికి కండ్లు సరిగ్గా ఆనవు. నేల అదిరేది, సద్దు, ఆ రెండే దానికి భయం. అవి నిలిస్తే చాలు."

మేమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా వీధిలో నలభై మగ్గాలు. తెల్లవారగానే మొదలైతే దీపాలు పెట్టేదాకా నేల అదురుతూనే ఉంటుంది.

నాయన గుంత అంచున కూర్చుని తెగిన పోగుల కొసలు జారిపోకుండా పట్టుకుని ఉన్నాడు, చెయ్యి వదలలేడు. పెద్దప్ప తన మగ్గం ఆపడానికి వెళ్ళాడు. నాయన నా వైపు చూశాడు.

"ఈశ్వరీ, ఇంటింటికీ పోయి, ఒక్క గడియ మగ్గం నిలపమని చెప్పిరా."

నాకు కొత్తవాళ్ళతోనే కాదు, తెలిసినవాళ్ళతో కూడా మాట రాదు. బడిలో హాజరు పలకడానికే గొంతు పట్టేసేది. అయినా వెళ్ళాను. మొదట కుళ్ళాయప్ప మామ ఇల్లు. గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఏమ్మీ?" అన్నాడు మగ్గం మీద నుంచే.

అలుగు సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అక్క ముఖం గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయన మగ్గం నిలపమన్నాడు," అని మాత్రం అన్నాను.

ఆయన అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోంచి కింద పెట్టాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "పో తల్లీ, నేను చెప్తాలే అందరికీ," అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఇంకో మూడు ఇళ్ళకు వెళ్ళాను. అక్కడా అంతే, ఎవరూ కారణం అడగలేదు. నేను వీధి సగానికి రాకముందే అవతలి చివరిదాకా మగ్గాలు ఆగిపోయాయి. చేతులు నొప్పి పుట్టేలా రాట్నం తిప్పినా రాని సంతోషం వచ్చింది, పని అంత సులువుగా అయిందని.

అమావాస్య సెలవు కాని రోజు మా వీధిలో మగ్గాలన్నీ ఆగేది ఒకే ఒక్కదానికి. వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఎవరూ నేయరు. కారణం అడగరు కూడా, నాడె దించి వచ్చేస్తారు. ఆ కంగారులో ఇది నాకు తట్టనేలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎంత నిశ్శబ్దమంటే దీపం చిటపటలు వినిపిస్తున్నాయి. ఉలిగప్ప వేలు పెదవుల మీద పెట్టి గుంతలోకి చూపించాడు. ముద్ద కొంచెం వదులైంది. పొలుసుల మధ్య నుంచి సన్నటి మూతి ఒకటి బయటికొచ్చి గాలి వాసన చూస్తోంది. తాళ్ళ మీద తోక ఒక చుట్టు విప్పుకుంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యో పెద్దమ్మా! పెండ్లి చూడకుండానే పోతివా పెద్దమ్మా!"

వీధి తలుపు దభాలున తెరుచుకుంది. గుండెలు బాదుకుంటూ చౌడేశ్వరత్త వచ్చింది. ఆమె పెళ్ళికొడుక్కు సొంత మేనత్త, మా వీధి మలుపులోనే ఉంటుంది. ఆమె వెనక వీధి ఆడవాళ్ళంతా. ఒకామె చేతిలో పూలదండ. మగవాళ్ళు బయట పాడె కోసం వెదుళ్ళు ఎవరింట్లో ఉన్నాయో మాట్లాడుకుంటున్నారు.

మూతి లోపలికి పోయింది. ముద్ద బిగుసుకుంది. ఇంకో రెండు పోగులు టప్‌మన్నాయి.

లోపలి గది నుంచి అవ్వ చేటతో సహా వచ్చింది. "ఎవరే పోయింది?"

చౌడేశ్వరత్త ఏడుపు నోట్లోనే ఆగిపోయింది.

"నీవే కదా పెద్దమ్మా!"

"నేను యాడికి పోతాండా? ఇంకా రెండు శేర్లు వొలిచేదుండాది."

ఎవరో కిసుక్కుమన్నారు. చౌడేశ్వరత్తకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. "పెండ్లి ఇంట్లో చావు కబురు పంపిస్తారా? ఇదేం ఆటలు? ఇప్పుడే పోయి మా అన్నకు చెప్తా. రైలు ఎక్కితే మాపటికి హిందూపురం!" ఆమె చూపు మగ్గం మీదికి, తెగిన పోగుల మీదికి పోయింది. "పడుగుకేమైంది?"

నాయన తల వంచుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త తిరిగి గుమ్మం వైపు అడుగు వేసింది.

"తప్పు నాది అత్తా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అవ్వ పోయిందని నేను చెప్పలేదు. మగ్గాలు నిలపమన్నా అంతే. ఎందుకో చెప్పేకి సిగ్గయింది. గుంతలో అలుగు ఉండాది. తాళ్ళు పట్టుకొనింది. సద్దు చేస్తే పడుగంతా తెంపుతాది. నన్ను తర్వాత కొట్టు అత్తా, ఇప్పుడు మాత్రం అరవాకు."

చివరి మాట అన్నాక గానీ నాకు తట్టలేదు. పెళ్ళికొడుకు మేనత్తను అరవవద్దన్నాను!

అవ్వ చేట కింద పెట్టింది. "విన్నావు కదా చౌడేశ్వరీ. నాకోసం వచ్చినారు కదా అందరూ? నేను పోయింటే ఎట్లా కూర్చునేవాళ్ళో అట్లా కూర్చోండి. నోరు మెదపాకండి."

ఒక్కొక్కరే కూర్చున్నారు. చౌడేశ్వరత్త కూడా ముఖం ముడుచుకుని గుంత పక్కనే కూర్చుంది. ముప్పైమంది దాకా ఉంటారు, ఊపిరి తీసే చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. పెద్దప్పకు దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

ఎంతసేపో తెలియదు. ముందు మూతి వచ్చింది. తర్వాత చిన్న చిన్న కళ్ళు. తాళ్ళ మీద నుంచి తోక చుట్లు ఒకటొకటిగా జారాయి. ముద్ద మొత్తం విచ్చుకుంది. దాని పొట్ట దగ్గర, ఇంతసేపూ అది చుట్టి దాచుకున్న చోట, జానెడు పిల్ల ఒకటి ఉంది. పొలుసులు ఇంకా లేత రంగు. చౌడేశ్వరత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్ల మెల్లగా తల్లి తోక మీదికి ఎక్కి, నాలుగు కాళ్ళతో కరుచుకుంది. తల్లి గుంత అంచు పట్టుకుని పైకి వచ్చింది. ఉలిగప్ప చెప్పినట్టే ముందుకాళ్ళు రొమ్ము దగ్గర ఎత్తిపెట్టుకుని, వెనక కాళ్ళ మీద వంగి వంగి, ముసలాయన సంతకు పోతున్నట్టు నడిచింది. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. పెరటి తలుపు దాటి చీకటిగా ఉన్న పశువుల కొట్టంలోకి పోయింది. ఉలిగప్ప గంప పట్టుకుని వెనకే వెళ్ళాడు, సాయంత్రం కొండలో వదిలేస్తానని.

నాయన తొక్కుడు చెక్క మీద కాలు పెట్టి మెల్లగా నొక్కాడు. పడుగు పోగులు సాఫీగా పైకీ కిందికీ కదిలాయి. మొత్తం ఆరు పోగులే తెగాయి. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి మా అందరిదీ.

అందరం చౌడేశ్వరత్త వైపు చూశాం. ఆమె ఇంకా పెరటి వైపే చూస్తోంది.

"బిడ్డను ఎట్లా దాచుకొనిందో చూడు," అంది చివరికి. "పెండ్లి ఇంట్లోంచి తల్లీబిడ్డా నడుచుకుంటా బయటికి పోయినారు. ఇంతకన్నా మంచి శకునం ఏం కావాల? మా అన్నకు ఇదే చెప్తా." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మాట్లాడతావని నాకు తెలీదే! మూగదేమో, పాపం, దీనికి మొగుణ్ణి యాడ చూస్తారో అనుకొనింటి."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. నాయన ముడులు వేయడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. చావుకు ఏడ్చినవాళ్ళు తలకు పోసుకోకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదు. చావే జరగలేదు, ఏడుపు మాత్రం నిజం. ఏం చేయాలి? చాలాసేపు వాదించుకున్నారు.

"పోసుకుంటే పోయేదేముంది?" అంది అవ్వ. "నేను మళ్ళీ నిజంగా పోయినప్పుడు తగ్గించుకోండి."

బావి దగ్గర వరస కట్టారు. నేనూ అమ్మా నీళ్ళు తోడాం. పెళ్ళికూతురు చేద ముట్టకూడదని అమ్మ ఎంత చెప్పినా అక్క వినలేదు. కొంగు నడుముకు దోపుకుని, తాడు లాగుతూ, "ఇంకా ఎంతమంది ఏడ్చినారు రాండి!" అని నవ్వుతూ కేకేసింది. ఇంట్లోంచి మా మగ్గం చప్పుడు వినిపించింది. దాని వెనకే పెద్దప్పది, ఆ తర్వాత కుళ్ళాయప్ప మామది.