నాలుగో రింగు

నల్లపాడు రోడ్డులో ఖైరున్నీసా వీల్ బ్యాలెన్సింగ్ షాపు తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. ముందు వాకిట్లో నీళ్ళు చల్లుతుంది, తరవాత కంప్రెసర్ ఆన్ చేస్తుంది, అది గాలి నింపుకునేలోగా టీ తాగేస్తుంది. ఆమె చక్రాన్ని మోకాలి మీదకు ఎత్తుకుని ఒక్క ఊపులో మిషనుకి తగిలిస్తుంటే మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఆ రోజు టీ గ్లాసు కింద పెట్టకముందే నాగేంద్రబాబు కారు వచ్చి ఆగింది.

"మళ్ళీనా సార్?" అంది. వారంలో ఇది మూడోసారి మరి.

నాగేంద్రబాబు విత్తనాల కంపెనీలో ఉద్యోగి. పత్తి చేలూ మిరప చేలూ చూసుకుంటూ గుంటూరు నుంచి ఒంగోలు దాకా తిరుగుతాడు. నలభై నాలుగో ఏట ఆయనకి కారు సోకు పుట్టింది. బెజవాడలో నల్లరంగు అల్లాయ్ చక్రాలు నాలుగు సెకండ్ హ్యాండులో కొని, ఇంటి దగ్గర తనే జాకీ పెట్టి బిగించుకున్నాడు. నిలబెట్టినంతసేపూ బండి పెళ్ళికొడుకులా ఉండేది. డెబ్బై దాటిందంటే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

మొదటిసారి వచ్చినప్పుడు ఖైరున్నీసా చక్రం ఊడదీసి పకపకా నవ్వింది. నాగేంద్రబాబు భార్య జ్యోతిర్మయి, కొత్త చక్రాలు కదా అని, చక్రం కూర్చునే హబ్బులకి పసుపు ముద్ద అద్ది బొట్లు పెట్టింది. అది ఎండి పెచ్చు కట్టింది.

"పూజ పైన చెయ్యమనండి సార్ మేడం గారిని. లోపల ఇంత మందాన పసుపుంటే చక్రం హబ్బుకి ఆనుకుని ఎట్లా కూర్చుంటుంది?" అని గీకి తుడిచి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకి ఒరుగుతుందట. వణుకు కాస్త తగ్గింది కానీ పోలేదు.

రెండోసారి అసలు సంగతి పట్టుకుంది. ఈ చక్రాల నడిమి బెజ్జం పెద్దది, హబ్బు చిన్నది. మధ్యలో సందు. "చక్రం వట్టి బోల్టుల మీద వేలాడుతోంది సార్. వెంట్రుకవాసి పక్కకి జరిగినా రోడ్డు మీద వణుకే. నా మిషను మీద మాత్రం తేడా సున్నా అని చూపిస్తుంది." సందు కొలిచి, లేత్ మిషను మీద నాలుగు రింగులు చేయించి, హబ్బులకి తొడిగి పంపించింది. ఆ సాయంత్రం బండి వెన్నలా పోయింది.

తెల్లారి చూస్తే ఒక్కో చక్రం పక్కనా ఒక్కో రింగు నేల మీద పడుంది. చక్రాలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

ఆ రింగులే ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆమె చేతిలో పెట్టాడు. ఖైరున్నీసా వాటిని తిప్పి చూసి పక్కన పడేసింది. "కొత్తవి పడటం లేదు ఈ చక్రాలకి. వాడిన చక్రాలు కొన్ని ఇంతే. పాత రింగులు అడుగుతున్నాయి. సరేగానీ, ఎటు పోతే వణుకు ఆగుతోంది?"

జవాబు నాగేంద్రబాబుకి తెలుసు. మొన్న ఒంగోలులో కొత్తపట్నం రోడ్డు మలుపు దగ్గర స్టీరింగు ఒక్కసారిగా నిమ్మళించింది. చేతులు తీసేసినా నిలబడేది. ఆయన మాత్రం బండి వెనక్కి తిప్పుకుని, గుంటూరు దాకా వణుకుతూనే వచ్చాడు.

ఖైరున్నీసా ఒక చక్రం విప్పి, లోపలి వైపు గుడ్డతో తుడిచి, ఆయన వైపు తిప్పింది. నల్లరంగు తగలని చోట వెండిరంగు లోహం మీద స్క్రూడ్రైవరుతో గీసిన అక్షరాలున్నాయి. జాను, నాగు.

ఎనిమిదేళ్ళ కిందట, ఈ చక్రాలు ఇంకా వెండిరంగులో జాను కారుకి ఉన్నప్పుడు, గీసింది ఆయనే.

జాను అంటే జాన్ బాషా. ఇద్దరివీ పర్చూరులో పక్కపక్క ఇళ్ళు. జాన్ బాషా తల్లి ఖుర్షిదాని నాగేంద్రబాబు పిన్ని అనేవాడు. తన ఇంట్లో ఎంత తిన్నాడో ఆమె చేతి ముద్దలూ అంత తిన్నాడు. తరవాత వాళ్ళు కొత్తపట్నం వెళ్ళిపోయి చేపల పడవలకి ఐసు వ్యాపారం పెట్టుకున్నా, ప్రతి ఆదివారం జాన్ బాషా కారేసుకుని గుంటూరు వచ్చి ఈయన్ని ఎక్కించుకుపోయేవాడు. ఆరేళ్ళ కిందట ఖుర్షిదా పోయిందని ఫోనొచ్చినప్పుడు నాగేంద్రబాబు పెద్ద ఆఫీసర్లతో పత్తి చేలో ఉన్నాడు. రేపు వెళ్దామనుకున్నాడు. రేపు కూడా వాళ్ళు వదల్లేదు. మూడో రోజు సిగ్గేసింది. నలభయ్యో రోజుకి రమ్మని కబురొస్తే ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియలేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆదివారం వస్తే ఆయనకి ఇప్పటికీ అన్నం సయించదు.

"పాత రింగులు అమ్మినవాడి బండికే ఉండిపోయుంటాయి," అంది ఖైరున్నీసా బోల్టులు బిగిస్తూ. "పోయి తెచ్చుకోండి సార్. దీనికి నా దగ్గర మందు లేదు."

ఆదివారం బయల్దేరాడు. చిలకలూరిపేట దాటేసరికి వణుకు తగ్గింది, ఒంగోలులో పూర్తిగా పోయింది.

ఐసు షెడ్డు ముందు జాన్ బాషా కారు ఇటుకల మీద కూర్చుని ఉంది. ఒక్క చక్రమూ లేదు. జాన్ బాషా లోపల్నుంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డం నెరిసింది. మొదట వచ్చిన బండి చక్రాల వంక చూశాడు, తరవాత మనిషి వంక.

"ఏరా, ఇప్పటికి దొరికిందా దారి?"

"జానూ, పిన్ని పోయినప్పుడు నేను..." అని మొదలుపెట్టాడు నాగేంద్రబాబు.

"పోయేముందు అడిగింది రా. నాగు అన్నం తిన్నాడా అని. తిన్నాడులే అమ్మా, వస్తున్నాడు అని చెప్పా."

నాగేంద్రబాబు బండి తలుపు పట్టుకుని ఏడ్చాడు. జాన్ బాషా ఆపలేదు. ఏడవనిచ్చి, చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చిచ్చాడు.

"చక్రాలెందుకు అమ్మేశావురా?"

"ఎటు పోయినా వణికి చంపేవి. గుంటూరు వైపు తిప్పితేనే నోరు మూసేవి. వాడు రాకపోతే నేనెందుకు పోవాలని నాకు రోషం. పోయినేడు పీకి అమ్మేశా. రింగులు మాత్రం రాలేదు. సుత్తి పెట్టి కొట్టించినా రాలేదు. అవుండగా ఇనుప చక్రాలు ఎక్కవు. అందుకే బండి ఇటుకల మీద పడుంది."

నాగేంద్రబాబు ఇటుకల పక్కన చతికిలబడి, ముందు కుడి హబ్బు మీద చెయ్యి వేశాడు. రింగు గాజు జారినట్టు జారి అరచేతిలోకి వచ్చింది. ముందు ఎడమది వచ్చింది. వెనక కుడిది వచ్చింది. నాలుగోదాని మీద చెయ్యి వెయ్యబోతే జాన్ బాషా మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని ఉండనీ. పై ఆదివారం తీద్దువుగాని."

"నీ బండి రోడ్డెక్కద్దా?"

"ఇంకో వారం ఇటుకల మీదుంటే కొంపలేం మునగవు. అన్నీ ఇచ్చేస్తే నువ్వు మళ్ళీ వస్తావని ఏంటి నమ్మకం? ముందు లే, అన్నం తిందువుగాని."

తిన్నాక ఇద్దరూ కలిసి జాకీ పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, నాగేంద్రబాబు బండి మూడు చక్రాలకి రింగులు వేశారు. తిరుగుదారిలో స్టీరింగు రాయిలా నిలబడింది. వెనక ఎడమ చక్రం వణుకు మాత్రం సన్నగా సీటు కిందకి వచ్చి, గుంటూరు దాకా ఆయన్ని తడుతూనే ఉంది.

సోమవారం ఖైరున్నీసా బండి నడిపి చూసి, "వెనక ఒకటి మిగిలింది సార్. ఇప్పుడు కొత్తది వేసినా ఒప్పుకుంటుంది, పది నిమిషాల పని," అంది.

"వద్దమ్మా, ఉండనీ," అన్నాడు నాగేంద్రబాబు.

ఇది జరిగి ఏడాది దాటింది. కొత్తపట్నంలో ఆ ఇటుకల చుట్టూ గడ్డి మొలిచింది. ప్రతి ఆదివారం ఇద్దరూ ఆ కారు పక్కనే మంచం వేసుకుని తింటారు. నాలుగో రింగు సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.