చిన్నకోడలి ట్రక్కు

పెద్దకోడలు పన్నెండేళ్లుగా, మనిషిని కరెంటు తీగల ఎత్తుకు లేపే బకెట్ ట్రక్కులు పరీక్షిస్తోంది. చిన్నకోడలు ఆ బకెట్లో నిలబడి కరెంటు తీగలు బాగుచేస్తుంది. తుఫాను మర్నాడు ఆసుపత్రికి కరెంటు తెచ్చిందని చిన్నకోడలి ఫొటో పేపర్లో పడింది. అప్పటినుంచి అత్తగారికి మరో మాట లేదు. "మా చిన్నది ఆకాశంలో పనిచేస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పెద్దకోడలి సంగతి అడిగితే, "అదా, షెడ్డులో ఏవో మీటర్లు చూస్తుంది" అనేది.

ఆ 'ఏవో' పెద్దకోడలికి పంటికింద రాయిలా తగిలేది.

ఒక సోమవారం చిన్నకోడలి ట్రక్కే ఏడాది పరీక్షకు వచ్చింది. పెద్దకోడలు బోల్టులు, ఆయిల్ గొట్టాలు చూసింది. బకెట్‌ను మోసే పొడవాటి ఫైబర్ చెయ్యిని, అంటే బూమ్‌ను, శుభ్రంగా తుడిచింది. బకెట్లో ఎవరూ లేకుండా దాన్ని పైకెత్తి హైవోల్టేజీ ఎక్కించింది. ఆ కరెంటు బూమ్ గుండా కిందికి దిగకూడదు. దిగిందంటే పైనున్న మనిషి ప్రాణానికే ముప్పు.

మీటరు ముల్లు హద్దు దాటింది.

ఆమెకు లోలోపల హాయిగా అనిపించింది. మరుక్షణమే ఆ హాయి చూసి తనకే భయమేసింది. ట్రక్కు ఫెయిలయిందా, తాను ఫెయిల్ చేయాలనుకుందా? మళ్లీ తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పరీక్షించింది. అదే అంకె. వాడకూడదని ట్రక్కుకు ఎర్రచీటీ కట్టేసింది.

సాయంత్రం అన్నాల దగ్గర చిన్నకోడలు మెల్లగా అడిగింది.

"అక్కా, రేపు పెద్ద పనుంది. ఇంకోసారి చూడకూడదూ?"

"ఇంట్లో కుళ్లు ఇంట్లోనే ఉంచుకోవాలమ్మా, షెడ్డుదాకా మోసుకెళ్లకూడదు" అంది అత్తగారు.

పెద్దకోడలు ముద్ద పక్కన పెట్టింది. "కుళ్లు ఉన్నమాట నిజమే అత్తయ్యా. కానీ నేను మీ కోడలినని మీటరుకు తెలీదుగా. రేపు మా షెడ్డు మేస్త్రీ చేత చేయిస్తాను. నేను ముట్టుకోను."

మర్నాడు చిన్నకోడలి ఎదుటే షెడ్డు మేస్త్రీ పరీక్షించాడు. ముల్లు మళ్లీ హద్దు దాటింది. ఆయన బూమ్ పొడవునా వేలితో తడుముతూ ఒకచోట ఆగాడు. రంగు కింద వెంట్రుకంత పగులు.

"దేనికో గట్టిగా తగిలింది. లోపలికి నీళ్లు దిగాయి."

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. "తుఫాను మర్నాడు చెట్టుకొమ్మకు తగిలింది. పని ఆపేస్తారని చెప్పలేదు."

ఇంటికి రాగానే ఆ మాట తనంతట తానే అత్తగారికి చెప్పి ఏడ్చింది. "అక్క ఆపకపోతే ఏమయ్యేదాన్నో అత్తయ్యా."

ఇప్పుడైనా తన వంతు వచ్చిందని పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. అత్తగారు చిన్నకోడలిని దగ్గరకు తీసుకుంది. "తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి తల్లీ. ఎంతమందికుంటుంది నీలాంటి నిజాయితీ?"

పెద్దకోడలికి ఒళ్లు మండింది. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడు వారాలకు కొత్త బూమ్ బిగించారు. లోపలి మంట ఇంకా చల్లారలేదని తెలుసు కాబట్టి పెద్దకోడలు దాన్ని వరుసగా మూడుసార్లు పరీక్షించింది. ముల్లు హద్దు దగ్గరికైనా పోలేదు.

"ఒకసారి చాలదా?" అన్నాడు మేస్త్రీ.

"చాలదు" అని సంతకం పెట్టింది.