కర్రుల గది

నర్సీపట్నం ఎం.ఎల్. స్టీల్స్ ప్రైవేట్ లిమిటెడ్ వారికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి నున్నటి మెరుపు కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించినది. రెండోది జరిగినది. మొదటిది ఊళ్ళో చాలామందికి పంచారు. రెండోది పూర్తిగా తెలిసిన మనిషి సింహాద్రమ్మ ఒక్కతే. ఆవిడ కంపెనీ యజమాని మత్స్యలింగం గారి భార్య. చదువు రాదు గనక అచ్చయిన చరిత్రను నమ్మే అదృష్టం ఆవిడకు కలగలేదు.

జరిగినది ఇది. మత్స్యలింగం పుట్టింది నక్కపల్లి అవతల సముద్రపు ఒడ్డున, తాతల నాటి నుంచీ చేపల వేటే బతుకుగా ఉన్న ఇంట్లో. ఈయనకు మాత్రం అల కనిపిస్తే చాలు, కడుపులో తిప్పేది. తెప్ప ఎక్కించిన ప్రతిసారీ చేపల కంటే ముందు ఈయన్ని ఒడ్డుకు చేర్చాల్సి వచ్చేది. పెళ్ళయ్యాక నర్సీపట్నం చేరటంతో ఆ కష్టం గట్టెక్కింది. సింహాద్రమ్మ ఎండుచేపల బుట్టతో కొయ్యూరు సంతకు వెళ్ళేది. ఈయన నర్సీపట్నంలో ఆ బుట్టను బస్సు టాపు మీదికి ఎక్కించేవాడు. కొండ మలుపుల్లో కూడా కడుపు తిప్పుతుందని తాను మాత్రం బస్సెక్కేవాడు కాదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, అప్పటి కంపెనీకి ఆయన రవాణా విభాగం.

కొండమీది వాళ్ళకు ఎండుచేప ఇష్టం. ఇనుము అవసరం. నాగటి కర్రు అరిగిందంటే ఒక రోజు పని మానుకుని కిందికి దిగాలి. ఓ సంతలో కొండన్న అనే రైతు ఎండు నెత్తళ్ళ చేపలు బేరమాడుతూ, "పై వారం ఓ కర్రు ఒట్టుకురాయే అమ్మా, నీకు పున్నెముంటాది" అన్నాడు. సింహాద్రమ్మ పట్టుకెళ్ళింది. ఆ తరవాత ఇంకొకడు కొడవలి అడిగాడు, మరొకడు గునపం అడిగాడు. కొన్నాళ్ళకు బుట్టలో ఇనుమే ఎక్కువై, చేప ఒక మూలకు సర్దుకుంది. మెడ విరిగిపోతోందని ఆవిడ నర్సీపట్నంలోనే, కొయ్యూరు బస్సులు ఆగే చోట ఒక గది తీసుకుంది. పుణ్యం మాట దేవుడెరుగు, వ్యాపారం మాత్రం వచ్చింది. కొండవాళ్ళు బస్సు దిగగానే కర్రూ నెత్తళ్ళూ ఒకే చోట కొనుక్కుని, మళ్ళీ బస్సెక్కేవారు. అందరూ దాన్ని కర్రుల గది అనేవారు.

అంతలో తొంభై రెండో సంవత్సరం వచ్చింది. ఉక్కు మీద ప్రభుత్వం పట్టు సడలించింది, ఎవరైనా కొనవచ్చు, ఎవరైనా అమ్మవచ్చు అన్నారు. ఆ 'ఎవరైనా'లో తానూ ఉన్నానని మత్స్యలింగం గ్రహించాడు. ఆయన తనంతట తాను గ్రహించిన మొదటి సంగతి అదే కావటంతో ఆ సంతోషం చాలా ఏళ్ళు నిలిచింది. గది వెనకాల స్థలంలో శ్లాబులకు వేసే ఇనుప ఊచలు దింపించాడు. ఊళ్ళో పెంకుటిళ్ళన్నీ వరసగా మేడలవుతున్న కాలం. ఊచలు కదిలాయి.

వ్యాపారంలో ఆయనకు ఒకటే సిద్ధాంతం. "సేపకి పొద్దు బయం. ఇనుముకేటే బయం? కుళ్ళదు, కంపుగొట్టదు. కదపకుండా అట్టే పెడితే రేటు దానంతటదే పెరుగుద్ది" అనేవాడు. చేపల ఇంట్లో పుట్టి, కుళ్ళని సరుకు మొదటిసారి చూసినవాడికి ఆ మాత్రం మైకం రావటం సహజమే. సింహాద్రమ్మకూ ఒకటే సిద్ధాంతం. "సరుకేదైనా పొద్దుగూకేలోగా బుట్ట కాళీ అవాల. రేపు సముద్రం ఎలాగుంటాదో ఎవులికి తెలుసు?" అనేది. పదిహేనేళ్ళ పాటు రేటు పెరుగుతూనే ఉంది గనక ఆయన మేధావి అయ్యాడు, ఆవిడ పాతకాలపు మనిషి అయింది.

బోర్డు కూడా ఎదిగింది. మొదట 'మత్స్యలింగం ఇనుప సామాన్ల షాపు'. తరవాత 'లింగం స్టీల్ ట్రేడర్స్'. ఆ పైన 'ఎం.ఎల్. స్టీల్స్'. ఎక్కడో ఒకచోట చేప వాసన వస్తుందేమోనని పేరును కడిగి కడిగి రెండు పొడి అక్షరాలు మిగిల్చాడు. మొదటి నుంచీ "మావా" అని పిలిచే భార్యను "ఏమండీ అనొచ్చు కదా, మేనేజరు వింటాడు" అన్నాడు. ఆవిడ రెండు రోజులు ప్రయత్నించి, నోరు తిరగక మానేసింది. ఇంకొక అలవాటు కూడా అబ్బింది. శనివారం వచ్చిన లారీని ఆదివారం దాకా రోడ్డు మీదే నిలబెట్టేవాడు, ఇనుముతో పాటు శని లోపలికి వస్తాడని. శని ఆదివారం కూడా రాగలడని ఆయనకు తట్టలేదు.

రెండువేల ఎనిమిది మొదట్లో కంపెనీకి పదిహేనేళ్ళు దాటాయని యార్డులో షామియానా వేసి పండగ చేశారు. సరుకిచ్చే కంపెనీ నుంచి విశాఖపట్నం ఆఫీసరు ఒకాయన వచ్చాడు. డబ్బిచ్చి రాయించిన చరిత్రను ఒక లెక్చరరు మైకులో చదివాడు. "తరతరాలుగా లోహ వ్యాపారంలో ఆరితేరిన కుటుంబం, చిన్ననాటి నుంచే ఉక్కు సంకల్పం" అంటూ సాగింది. వాళ్ళ తరతరాల్లో లోహమన్నది గాలపు ముక్క ఒక్కటే అని ఎవరూ లేచి చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. సింహాద్రమ్మకు ముందు వరసలో కుర్చీ వేశారు గానీ, ఆ రోజు కొండవాళ్ళు దిగే రోజు. ఆవిడ కాసేపు కూర్చుని, లేచి వెళ్ళి గది తెరిచింది.

సభ అయ్యాక ఆఫీసరు యార్డంతా తిరుగుతూ గది ముందుకొచ్చి ఆగాడు. లోపల కర్రుల గుట్టల మధ్య సింహాద్రమ్మ కింద కూర్చుని నెత్తళ్ళు పొట్లం కడుతోంది.

"ఆవిడెవరండీ?" అన్నాడు ఆఫీసరు.

మత్స్యలింగం మెడలో దండ సర్దుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో ఆయనకు నిజం చెప్పే అవకాశం ఉంది. "పాత స్టాఫండి. మొదట్నుంచీ ఉంటోంది. తీసెయ్యలేక ఉంచాం" అన్నాడు.

సింహాద్రమ్మ వింది. పొట్లం కట్టే దారం చేతిలో తెగిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను ఆవిడ ఒడ్డున చాలామందిని చూసింది. ఈయన అసలు అది తన తెప్పే కాదన్నాడు. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు, కోపం వచ్చింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగేసింది. "నాను పాత స్టాఫునా?"

"మరేటని సెప్పమంటావే? ఎం.డి. గారి పెళ్ళాం ఎండుసేపలు కడతందనా?"

"కడతంది గదా!"

మత్స్యలింగం పప్పు కలుపుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. దసరా వెళ్ళగానే ఆ గది పడగొట్టించి షోరూం కడతాడు. అద్దాల తలుపులు, ఏసీ, సోఫాలు ఉంటాయి. ఆవిడ ఇక ఇంటిపట్టున హాయిగా ఉండవచ్చు.

"నాకు ఆ హాయొద్దు మావా. ఆ గదొక్కటీ ఉండనీ" అంది సింహాద్రమ్మ. జీవితంలో ఆవిడ ఆయన్ని అడిగింది అదొక్కటే.

"అద్దాల పక్కన నెత్తళ్ళేటే? నవ్వుతారు జనం" అని ఆయన చేయి కడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడకు దసరా అంటే గుండె దడ. కొండవాళ్ళు వస్తే, "దసరా అయినాక ఏడకొస్తారో ఏటో" అనేది. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. బస్సు ఆగేది ఇక్కడే కదా, ఇంకెక్కడికి వస్తామని అనుకునేవారు.

ఈలోగా ఇనుము రేటు చుక్కలనంటింది. శ్రావణం ముందు అనకాపల్లి కాంట్రాక్టరు సూరన్న వచ్చి, ఏదో కాలేజీ కడుతున్నానని, యార్డులో ఉన్నది ఉన్నట్టు మొత్తం ఎత్తుకుంటానన్నాడు. గది గుమ్మంలోంచి సింహాద్రమ్మ కళ్ళతోనే 'ఇచ్చెయ్యి' అంది. అర్థం కాలేదేమోనని పైకే అంది. "ఇచ్చెయ్ మావా. బుట్టకి బుట్ట ఒక్కడే కొంతానంటే దండమెట్టి దించెయ్యాల."

"ఇదేం సేపల బేరమా?" అని మత్స్యలింగం సూరన్న ముందే పకపకా నవ్వాడు. "ఇంకా పెరుగుద్దండీ, దీపావళికి రండి" అని కాంట్రాక్టరును సాగనంపాడు. అంతటితో ఆగక బ్యాంకుకు యార్డంతా తాకట్టుగా చూపించి, ఇంకా అప్పు తెచ్చి, ఇంకా ఊచలు దింపించాడు. ఒక్క కర్రుల గదిని మాత్రం చూపలేదు. సిగ్గేసింది.

వినాయక చవితి వెళ్ళిందో లేదో, రేటు దిగటం మొదలైంది. ఎక్కడో అమెరికాలో ఎవరో ఎవరికో ఇళ్ళ కోసం అప్పులిచ్చారట, వాళ్ళు కట్టలేదట. దాని దెబ్బకు నర్సీపట్నంలో ఊచ ధర పడిపోయింది. పడ్డది లేస్తుందని మత్స్యలింగం అమ్మలేదు. ఇంకా పడింది. సూరన్న ఫోనెత్తటం మానేశాడు. వానలకు ఊచలన్నీ ఎర్రగా తుప్పెక్కి నిలబడ్డాయి. ఇనుము కుళ్ళదన్న మాట నిజమే, సరుకు ఎక్కడిది అక్కడే ఉంది. కుళ్ళింది రేటు. మేనేజరు కొత్త ఉద్యోగం చూసుకున్నాడు. దసరా వెళ్ళింది గానీ, షోరూం కట్టడానికి డబ్బు లేకపోయింది. దీపావళి తరవాత బ్యాంకు వాళ్ళొచ్చి యార్డు గేటుకు తాళం వేసి, పక్కన గదిలోకి తొంగి చూసి, వాసనకు ముక్కు మూసుకుని, ఇది మనది కాదనుకుని వెళ్ళిపోయారు.

దసరా వెళ్ళగానే గది పడగొట్టించడానికని తెచ్చిన గునపాలు గది మూల అట్లాగే పడి ఉన్నాయి. సింహాద్రమ్మ వాటిని కొయ్యూరు వాళ్ళకు అమ్మేసింది. మంచి గునపాలు.

కొన్నాళ్ళ పాటు మత్స్యలింగం ఇంట్లోంచి కదల్లేదు. ఇల్లు మాత్రం గడుస్తూనే ఉంది. ఎట్లా గడుస్తోందని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చివరికి కొండవాళ్ళు దిగే రోజు ఒకనాడు పొద్దున్నే వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. చూస్తే ఆవిడకు జాలి వేసింది. కోపం కూడా ఉన్నచోటనే ఉంది.

"లోపలికొచ్చి కూకో. ఆ కర్రులు తుడువు" అని కిరసనాయిలు గుడ్డ ఆయన మీదికి విసిరింది.

తుడుస్తున్నాడు. కొయ్యూరు బస్సొచ్చింది. ముందుగా దిగింది కొండన్నే. ముసలివాడయ్యాడు, చేతికర్ర వచ్చింది. కర్రు బరువు చూసుకుని, నెత్తళ్ళు వాసన చూసుకుని, అప్పుడు మూల కూర్చున్న మత్స్యలింగాన్ని చూశాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నాడు గానీ, యార్డు లోపల ఆఫీసు గదిలో కూర్చునే ఈ మనిషి ముఖం ఎన్నడూ చూడలేదు.

"ఈ బాబెవులమ్మా?" అన్నాడు.

మత్స్యలింగం తలెత్తి భార్య వంక చూశాడు. ఆ చూపులో ఎం.డి. లేడు. తెప్ప మీద కడుపు తిప్పినప్పుడు ఒడ్డు కోసం వెతికే మనిషి ఉన్నాడు.

సింహాద్రమ్మ పొట్లం ముడి బిగించి, దారం తెంచింది.

"కొత్త స్టాఫు" అంది.

"పని బేగి నేర్సుకుంతన్నాడా?"

"ఏదీ? తీసెయ్యలేక ఉంచినాను."

కొండన్న నవ్వి, కర్రు సంచిలో వేసుకుని బస్సు వైపు నడిచాడు. మత్స్యలింగం తల వంచుకుని ఇంకో కర్రు తీసి తుడవసాగాడు. కాసేపటికి సింహాద్రమ్మ నెత్తళ్ళ బుట్ట ఆయన ముందుకు తోసి, పొట్లం ఎట్లా కట్టాలో చూపించింది.