పంకజంగారి పేరు పైన ఖాళీ

వారమంతా ఆఫీసులో నేను చేసే పని ఒక్కటే. వెబ్‌సైటులో జనం రాసుకునే పెట్టె ఉంటుంది, ఎడిటర్ అంటాం. అది ఒక బ్రౌజర్‌లో ఒకలా, ఇంకో బ్రౌజర్‌లో ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఎందుకో వెతికి సరిచెయ్యాలి. ఇక్కడ సరిచేస్తే అక్కడ చెడుతుంది. ఆదివారం వచ్చేసరికి కంప్యూటర్ మొహం చూడాలంటేనే వెగటు పుడుతుంది.

అలాంటి ఆదివారం పొద్దున మా ఇంటి ఓనర్ గోపాలస్వామిగారు మేడమీదికి వచ్చారు. ఆయన రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, పెరంబూరులోనే ఉండిపోయారు. తరతరాలుగా ఈ తమిళ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు. ఆయనా, తిరువొత్తియూరులో ఉండే స్నేహితుడు చెంగల్రాయుడుగారూ కలిసి తమ తెలుగు సంఘానికి ఇంటర్నెట్‌లో నెలనెలా ఒక పత్రిక నడుపుతారు. ఈయన రాస్తారు, ఆయన దిద్దుతారు. ఆ వెబ్‌సైటు బాగోగులు చూడ్డం నా ఉచిత సేవ. ఏలూరు నుంచి వచ్చినదాన్ని, ఇంటి ఓనర్ అడిగితే కాదంటానా?

"సునయనా, ఆ రాయుడి పాస్‌వర్డ్ తీసెయ్‌మ్మా. ఇంక వాడు పత్రికలో చెయ్యి పెట్టకూడదు."

"ఏమైంది అంకుల్?"

"ఏమైందా? రా, నువ్వే చూడు."

కిందికి తీసుకెళ్ళి తన పాత కంప్యూటర్‌లో చూపించారు. ఎండాకాలంలో పోయిన భార్య పంకజంగారి గురించి ఆయన రాసిన నాలుగు మాటలవి. ఎక్కడా ఖాళీ లేదు. వాక్యాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చివర ఆమె పేరు, దాని నెత్తినే సౌకార్‌పేట గాజుల కొట్టు ప్రకటన.

"నేను విడివిడిగా రాసినాను. ఈడ, ఆమె పేరుకు పైన కొంచెం చోటు వదిలినాను. వాడు పనిగట్టుకోని అంతా మూసేసినాడు. మళ్ళీ పెట్టినాను, మళ్ళీ మూసినాడు. ఆమె చేతి కూడు ఎన్నితూర్లు తిన్నాడమ్మా వాడు!"

అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవట.

పాస్‌వర్డ్ తీసెయ్యడం ఎంతసేపు? తీసేసి, పోయి పడుకోవాలనే ఉంది నాకు. కానీ ఆ మూసుకుపోయిన వరసలు చూస్తే ప్రాణం ఉసూరుమంది. అచ్చం వారమంతా ఆఫీసులో చూసే జబ్బే. గోరుచుట్టు మీద రోకటిపోటు!

చెంగల్రాయుడుగారికి ఫోన్ చేసి, మీ ల్యాప్‌టాప్ తీసుకుని ఒకసారి రమ్మన్నాను.

"వాడింటికా? నేను రానమ్మా. చుమ్మా, ఊరికే ఎంటర్ కొట్టి కొట్టి పేజీ నిండా గుంతలు పెడతాడు. వరసకీ వరసకీ మధ్యన లారీ పోతాది. పంకజమ్మ పేరు ఆడెక్కడో అడుగున ఒంటిగా పడుండె. చూళ్ళేక దగ్గిరికి తెచ్చినాను. అది తప్పా?"

"తప్పు కాదండీ. ఆవిడ కోసమైనా రండి," అన్నాను. ఆ మాట వాడకూడదనుకున్నాను గానీ, బతిమాలే ఓపిక నాకు లేదు.

సాయంత్రం ఆటోలో వచ్చారు. ఆయన్ని చూడగానే గోపాలస్వామిగారు లేచి లోపలికి పోబోయారు. "కూర్చోండి అంకుల్," అని గట్టిగానే అన్నాను. బల్ల మీద రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ అదే పేజీ తెరిచాను. ముందు గోపాలస్వామిగారు వదిలినట్టే ఖాళీలు పెట్టాను. పాత కంప్యూటర్‌లో పొందికగా ఉంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ ఖాళీలు ఉబ్బిపోయి, పంకజంగారి పేరు ఎక్కడో అడుగుకి పోయింది. తర్వాత రాయుడుగారు దిద్దినట్టు దిద్దాను. ల్యాప్‌టాప్‌లో పొందిక కుదిరింది. పాతదాంట్లో గాజుల కొట్టు వచ్చి ఆమె మీద పడింది.

"మీరు కొట్టే ఎంటర్‌ని ఇదొకలా, అదొకలా చూపిస్తున్నాయి. మీ ఇద్దరి తప్పూ లేదు," అన్నాను.

ఇద్దరూ తెరలు మార్చి మార్చి చూశారు. ఇక నవ్వేస్తారులే అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"సరి, మిషన్ తప్పే," అన్నారు గోపాలస్వామిగారు. "ఏందిరా ఇట్ట ఉండాదని నువ్వు ఒక్క ఫోన్ కొట్టి అడిగుండొచ్చు గదా రాయుడూ?"

"నువ్వు అడిగినావా?"

గోపాలస్వామిగారు తెర మీది ఆమె పేరు వైపు చూశారు. "మన ఇద్దురికీ మధ్యన ఫోన్ చేసేది ఎప్పుడూ ఆమే గదరా," అన్నారు.

రాయుడుగారు తల దించుకున్నారు. దానికి నా దగ్గర మందు లేదు. ఉన్నదాంతో చేతనైంది చేశాను. రెండు తెరల మీదా పేజీ ఒకేలా కనబడేసరికి వీధిదీపాలు వెలిగాయి.

అప్పుడు రాయుడుగారు తన ల్యాప్‌టాప్ మూసేసి, కుర్చీని పాత కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నారు. పంకజంగారి పేరుకు పైన మౌస్‌తో నొక్కారు.

"ఈడేనా?"

"ఆ, ఈడే."

ఎంటర్ కొట్టారు. "చాలునా?"

"ఇంకొకటి."

ఇంకొకటి కొట్టారు.

పేజీ పత్రికలోకి ఎక్కేటప్పుడు వరసగా రెండు ఖాళీలుంటే ఒకటి తీసెయ్యాలన్నది, తెరలన్నిటి మీదా ఒకేలా కనబడాలని నేను అప్పుడే వెబ్‌సైటుకి రాసిన నియమం. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు. మేడెక్కి, పక్క పరిచిన తర్వాత మళ్ళీ కంప్యూటర్ తెరిచి, ఆ ఒక్క పేజీలో మాత్రం రెండో ఖాళీ ఉండిపోయేలా మార్చాను.