వెనకనుంచి వచ్చిన పాఠం

కూతురి జుట్టు మూడు పాయలు తీసి, ఎడమ జడ సగం దాకా అల్లిన టీచరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు. ఎనిమిదేళ్ళెంత?"

పీట మీద కూర్చున్న పిల్ల గోడకేసి చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. "అరవై... కాదు కాదు, యాభై నాలుగు."

"నా తలకాయ!"

ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదు. ఎక్కాలడిగితే మాత్రం గొంతులో వెలక్కాయ పడుతుంది. ఇంకాసేపట్లో వాళ్ళ నాన్న పిల్లని బజారు అవతల ఉన్న పెద్ద బడికి తీసుకెళ్తాడు. అక్కడ చిన్న పరీక్ష పెడతారు. నెగ్గితే రేపటినుంచి ఆ బడే. నెగ్గకపోతే తల్లి బడే, తల్లి తరగతే.

నిన్న వచ్చిన తనిఖీ ఫలితమే దీనికంతటికీ కారణం. మూడో తరగతికి 'వెనకబడింది' అన్నారు, నాలుగో తరగతికి 'మెరుగుపడాలి' అన్నారు. మూడు టీచరమ్మది, నాలుగు పెద్ద మాస్టారిది. కాగితం చూసిన మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, "మన బడేనా ఇది?" అని అడిగాడు. టీచరమ్మకీ అదే అనుమానం. ఏడాదంతా గొంతు చించుకుంది. పిల్లలు మొద్దులు కారు. మరి ఎక్కడ పోయింది చెప్పిందంతా?

"ఏమండీ," అని పిలిచింది గుమ్మంలోకి. "ఇంకో నెల ఆగితే?"

మొగుడు బయట స్కూటరు తుడుస్తున్నాడు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. అంకె కనబడిందంటే ఇక దానికి తిరుగు లేదంటాడు.

"ఆగితే ఏమవుతుంది? ఫలితం మారుతుందా?"

"మన పిల్లే మానేస్తే మిగతావాళ్ళు ఉంటారా? టీచరమ్మే కూతుర్ని తీసేసింది, మనమెంత అంటారు. తరగతి ఖాళీ అయిపోతుంది."

"నీ తరగతి నిలబెట్టడానికి నా కూతురు గుంజా?"

వాకిట్లో చిక్కుళ్ళ ఈనెలు తీస్తున్న అత్తగారు నవ్వేసింది. "బాగానే అన్నావురా. చిన్నప్పుడు నిన్ను బడికి ఈడ్చుకెళ్ళలేక నా చెయ్యి పడిపోయేది. ఇవాళ బళ్ళు మారుస్తున్నాడండీ మహానుభావుడు!"

"అమ్మా, నువ్వాగు."

టీచరమ్మ జడ మళ్ళీ అందుకుంది. తనిఖీలో నాలుగో తరగతినడిగిన లెక్క ఎందుకో గుర్తొచ్చి, "పిచ్చుకా, ఒకటిలో అయిదోవంతుకి ఇంకో అయిదోవంతు కలిపితే?" అంది.

"అయిదింట రెండు," అంది పిల్ల ఠక్కున. "హారం ఒకటే కదా, లవాల్ని కూడితే చాలు. కింద ముట్టుకుంటే చెవి మెలేస్తా."

చివరి మాట అచ్చం పెద్ద మాస్టారిదే. గొంతు కూడా ఆయనదే.

"అది నాలుగో తరగతిది కదే! నీకెలా వచ్చు?"

"అందరికీ వచ్చు. మాకు వెనకనుంచి వస్తుందిగా."

టీచరమ్మ చేతిలో పాయలు జారిపోయాయి. బడిలో ఒక గది కప్పు కారుతుంది. అందుకని రెండు తరగతుల్నీ ఒకే గదిలో వీపులు కలిపి కూర్చోబెట్టారు. మూడు ఈ గోడ బోర్డుకి, నాలుగు ఆ గోడ బోర్డుకి. వెనక్కి తిరక్కూడదన్నది మాస్టారి గట్టి నియమం.

"మరి నేను చెప్పేది?"

"నువ్వు ఎదురుగా ఉంటావు కదమ్మా. నిన్ను చూస్తూ ఉంటాం. వెనకాల ఏం జరుగుతోందో అని చెవులు అటే ఉంటాయి. నాలుగోవాళ్ళు కూడా అంతే. నీ ఎక్కాలన్నీ వాళ్ళకే వచ్చు."

తనిఖీ రోజు ఇప్పుడు కళ్ళముందు కదిలింది. అధికారి మూడో తరగతిని ఎక్కం అడిగితే వెనక బల్లలు గుసగుసలాడాయి. 'మీరు నోరు మూసుకోండి' అన్నాడాయన. నాలుగో తరగతిని భిన్నాలడిగితే ఇటువైపు చేతులు లేచాయి. 'మిమ్మల్నడిగానా?' అన్నాడు. పిల్లలు అల్లరి చేస్తున్నారని టీచరమ్మే సిగ్గుతో తల దించుకుంది.

అయితే తన తరగతి వెనకబడిందా, ముందుందా? తను ఏడాదంతా పాఠం చెప్పింది ఎవరికి? ఎంత ఆలోచించినా బుర్ర తిరిగిందే తప్ప దారి దొరకలేదు.

"అత్తయ్యా, విన్నారా?"

"విన్నాను. బల్లలు ఇటువి అటు తిప్పితే పోదూ?"

"అప్పుడు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు."

"అమ్మా," అంది పిచ్చుక, "అక్కడ పరీక్షలో ఏం చెప్పాలి?"

"నీకు తెలిసిందంతా చెప్పు."

"నాకు తెలిసింది వాళ్ళు అడగరుగా. నువ్వు చెప్పిందే అడుగుతారు."

టీచరమ్మ జారిన పాయలు మళ్ళీ అందుకుని ఎడమ జడ పూర్తిచేసింది. ఇలాగే పంపితే పిల్ల తప్పుతుంది, తనతోనే ఉంటుంది, తరగతి నిలుస్తుంది. తెలివైన పిల్ల నలుగురిలో తెల్లమొహం వేసి వస్తుంది, అంతే. అంతేనా?

కుడి జడ మొదలుపెట్టింది. పాయ మీద పాయ వేస్తూ, పిల్లతో కాదన్నట్టు, గోడతో అన్నట్టు, మెల్లగా గొణుక్కోసాగింది. "ఎనిమిదొకట్లు ఎనిమిది. ఎనిమిది రెళ్ళు పదహారు..."

పిల్ల గోళ్ళు కొరకడం మానేసింది. మెడ కొంచెం వెనక్కి వాలింది. రిబ్బను ముడి పడేసరికి ఎక్కం రెండోసారి పూర్తయింది.

"ఎనిమిదేళ్ళు?" అంది టీచరమ్మ.

"యాభై ఆరు. ఎనిమిది తొమ్మిదులు డెబ్భై రెండు. ఏడో ఎక్కం కూడా చదువుకోమ్మా, నేను వినను."

టీచరమ్మ ఏడో ఎక్కం కూడా గొణిగింది.

మొగుడు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "చూడు, నువ్వు ఒద్దంటే మానేస్తాను. తర్వాత నన్ననొద్దు. ఒక్క మాట చెప్పు."

ఉండనివ్వండి అందామనుకుంది. తీసుకెళ్ళండి అందామనుకుంది. రెండూ నిజమే అనిపించాయి, రెండూ తప్పే అనిపించాయి. పిల్లకి ఎక్కం నేర్పిన నోటితో ఉండమని ఎలా అనడం?

"ఎండెక్కకముందే వెళ్ళండి," అంది చివరికి.

ఆయన పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఏ రోజూ గడప దాటేముందు ఇల్లెగిరిపోయేలా 'వెళ్ళొస్తా' అని అరిచే పిచ్చుక పెదవులు బిగించి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ, తల్లివైపు తిరక్కుండా గుమ్మం దాటి వెళ్ళిపోయింది.