బండి మీద రెండు దెబ్బలు

బండి కదలాలంటే నేను దాని ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టాలి. అరచేత్తో, వెనక తలుపు పక్కన. ఆ రెండు దెబ్బలకు ముందు నా పనులు చాలా ఉంటాయి. గ్యాసు ఆపాలి. అలమర గడియలన్నీ వేయాలి. గిన్నెల మధ్య పాత లుంగీ ముక్కలు కుక్కాలి. ఫ్రిజ్జు తలుపుకు తాడు కట్టాలి. నీళ్ళ పైపు ఊడదీసి చుట్టాలి. టాయిలెట్ డబ్బా ఊరికి దూరంగా మోసుకెళ్ళి, గుంట తవ్వి పారబోసి, కడిగి తెచ్చి బిగించాలి. చక్రాల కింద పెట్టిన రాళ్ళు తీయాలి. ఆఖరికి మెట్టు మడిచి, పైకెక్కి తలుపు వేసుకుని, లోపలి నుంచి రెండు దెబ్బలు కొడితే, పరదాకు అవతల స్టీరింగు ముందు కూర్చున్న మా ఆయన "రైట్" అంటారు. అలా నన్ను ఆయన ఊళ్ళు తిప్పుతున్నారు. అందరూ అదే అంటారు, "అదృష్టవంతురాలివి భద్రమ్మా, ఊళ్ళు తిప్పుతున్నాడు" అని.

మా ఆయన పేరు రాజేశ్వరరావు. బచేలి కొండ మీద ఇనుపరాయి గనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డంపర్ నడిపారు. ఆ డంపర్ చక్రం మనిషికంటే ఎత్తు. వెనక ఏముందో నడిపేవాడికి కనబడదు. అందుకని కింద ఒక మనిషి నిలబడి, అటూ ఇటూ చూసి, అంతా సరిగ్గా ఉందనుకున్నాక రాయితో బండి మీద రెండు దెబ్బలు కొడతాడు. మా ఆయన బండికి ఆ పని చేసినతని పేరు భీమా. "వాడు కొట్టాడంటే చాలు, వెనక్కి చూడకుండా లాగించేసేవాణ్ణి" అని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. రిటైరయ్యాక డంపర్ పోయి ఈ బండి వచ్చింది, భీమా పోయి నేను వచ్చాను. భీమాకు జీతం ఉండేది.

రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి కదా. ఎక్కడికి వెళ్దామని నన్ను అడిగారు. అడిగిన మాట నిజం, అబద్ధం చెప్పకూడదు. కొంటాలో మా రామక్కకు కుట్టుమిషను కొట్టుంది. కొట్టు వెనక ఒక గది ఖాళీ. రెండో మిషను దుమ్ము కొట్టుకుపోతోందని ఫోను చేసినప్పుడల్లా అంటుంది. నాకు జాకెట్లు కుట్టడం బాగా వచ్చు. టౌన్‌షిప్‌లో ఇరవై ఏళ్ళు ఇరుగుపొరుగు వాళ్ళందరికీ ఊరికే కుట్టిపెట్టాను, ఎందుకంటే "నా భార్య కూలికి కుడుతుందంటే నా పరువేం కాను" అన్నారు ఈయన. ఇదంతా ఎలా మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తుండగానే ఆయన ఫోనులో బండి బొమ్మ చూపించారు. "ఇల్లంటే ఒకచోట కట్టేసినట్టే భద్రా. ఇదైతే ఇల్లే మనతో తిరుగుతుంది." నేను నవ్వానట. ఆ నవ్వుని సరే కింద తీసుకుని పాత టెంపో కొని, రాయపూర్‌లో దానికి మంచం, పొయ్యి, అలమర, టాయిలెట్ అన్నీ పెట్టించారు. భిలాయిలో ఉన్న మా అబ్బాయి "అమ్మా, ఇక నీకు రెస్టే రెస్టు" అన్నాడు. కాబోలు అనుకున్నాను నేను కూడా.

మొదటి నెలలో మేం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అలమరకు గడియ వేయలేదు, గీదం దాటకుండానే స్పీడు బ్రేకరు దగ్గర మాగాయ జాడీ ఎగిరి మంచం మీద పడింది. వారం రోజులు మెంతిపిండిలో ఊరబెట్టిన ముక్కల్లా పడుకున్నాం. ఇంకోసారి పైపు ఊడదీయకుండా కదిలి, పెట్రోలు బంకు వాళ్ళ కుళాయిని పెరుక్కొచ్చాం. వెనక ఎవరో కేకలు వేస్తుంటే చూస్తే, ఇరవై అడుగుల పైపు చివర ఆ కుళాయి రోడ్డు మీద గెంతుకుంటూ మా వెంట వస్తోంది. బండిని ఏటవాలులో నిలిపితే ఇడ్లీలన్నీ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఇక నీళ్ళ సంగతి. కొండ మీద వాన పడితే వాగు ఎర్రగా పారుతుందని బచేలిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఈయన మోటారు పెట్టి తాగేనీళ్ళ ట్యాంకును ఆ వాగుతోనే నింపారు. నాలుగు రోజులు అన్నం ఎరుపు, ఆయన తెల్లజుట్టు ఎరుపు.

ప్రతి ముచ్చటా ఆయన తమ్ముళ్ళున్న గ్రూపులో పెడతారు. "మా ఆవిడ ఈరోజు ఏం చేసిందంటే" అని మొదలవుతుంది. మాగాయ నేనే, కుళాయి నేనే. ఎర్రనీళ్ళు కూడా నేనే అయ్యాను. తమ్ముళ్ళు నవ్వే బొమ్మలు పెడతారు. "వదినా, గడియ పెట్టడం కూడా రాదా" అని ఒకరు. చదివిన కాసేపటికి నాకే అనుమానం వస్తుంది, ఆ మోటారు నేనే పెట్టానేమో అని. వాగు ఒడ్డున నిలబడ్డది గుర్తుంది, చేతిలో పైపు ఉన్నది గుర్తుంది. వద్దండీ అన్నానా, అనాలనుకుని ఊరుకున్నానా? ఎంత తన్నుకున్నా తేలదు. పెళ్ళైన కొత్తలోనూ ఇలాగే. నేను కొంటా పిల్లని, నోరు తెరిస్తే ఏంది అనేదాన్ని. మా అత్తగారు విజయనగరం నుంచి వచ్చి "ముందు దాని ఏంది గీంది మాన్పించరా, సిగ్గుచేటు" అన్నారు. ఏడాదిలో ఏమిటండీ నేర్చుకున్నాను. ఇప్పుడు నా మాట ఏదో నాకే తెలియదు.

మెట్టు సంగతి కూడా చెప్పాలి, జరిగినదంతా దాని వల్లే. ఒకరోజు మెట్టు మడవడం మరిచి కదిలితే అది కల్వర్టు రాతికి తగిలి వంకరపోయింది. అప్పటి నుంచి లోపలి నుంచి లాగితే రాదు. కిందే నిలబడి, కాలితో తన్ని మడవాలి. ఆ తర్వాత మెట్టు లేకుండా, నడుమెత్తు బండిలోకి, యాభై నాలుగేళ్ళ మోకాళ్ళతో, చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఎక్కాలి. బాగు చేయించండి అంటే "భద్రాచలంలో చూద్దాం" అన్నారు. కొంటా మీదుగానే వెళ్తాం కదా, అక్క దగ్గర ఒక పూట ఆగుదామన్నాను. "మీ అక్క మాటల్లో పడితే నువ్వు లేవవు. తిన్నగా వెళ్ళిపోదాం" అన్నారు.

ఆ రోజు దోర్నపాల్ సంత దగ్గర బండి ఆపి మధ్యాహ్నం అన్నం వండాను. తిన్నాక ఆయన "త్వరగా కానీ" అని ముందుకెళ్ళి కూర్చున్నారు. గిన్నెలు కడిగాను, గడియలు వేశాను, రాళ్ళు తీశాను. మెట్టు తన్ని మడిచాను. తల ఎత్తి ఆ తలుపు వైపు చూశాను. చాలా ఎత్తుగా కనబడింది. చెయ్యి లేచింది. రెండు దెబ్బలు కొట్టింది.

బండి వెళ్ళిపోయింది.

అరవొచ్చు కదా, అంటారు. నేనూ అదే అనుకుంటున్నాను. వెనక తలుపు తెరుచుకుని, ఒకసారి కొట్టుకుని, దానంతటదే మూసుకుపోయింది. నా ఆకుపచ్చ తువ్వాలు కిటికీలో ఊగుతూ కనబడింది. అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ముందు ఎక్కి కదా కొట్టాలి, కింద నిలబడి ఎందుకు కొట్టాను? మతిమరుపా? మోకాళ్ళా? ఇంకేదైనానా? చేతిని తిప్పి చూసుకున్నాను, అదేమైనా చెబుతుందేమోనని. అంట్లపొడి వాసన వచ్చింది, అంతే.

సంత అంచున చింతపండు కుప్ప పోసుకుని దోర్ల తెగ ఆమె ఒకామె కూర్చుని ఉంది. ఆమె పేరు బుధ్రి అని తర్వాత తెలిసింది. నన్ను ఎంతసేపు చూసిందో మరి.

"ఏందక్కా, గట్ల నిలబడ్డవ్? నీ ఇల్లు ఏడ?" అంది.

"ఇప్పుడే పోయింది" అన్నాను, రోడ్డు వైపు చూపిస్తూ.

"ఇల్లు పోవుడేంది?" అంది బుధ్రి. "మా ఇల్లు ఏడికి పోదు. నేనే పోత, మళ్ళొస్త."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఆమె జరిగి పక్కన చోటిచ్చింది. సొరకాయ బుర్ర వంచి ఆకుదొన్నెలో అంబలి పోసి చేతికిచ్చింది. ఇంకొకరు పోసి ఇచ్చింది తాగి ఎన్నాళ్ళైందో. పుల్లగా, చల్లగా ఉంది. రెండో దొన్నె కూడా అడిగి తాగాను. నాకు సిగ్గు వేయలేదు, అదే వింతగా అనిపించింది. తర్వాత ఆమె కొంగు ముడిలోంచి చిన్న ఫోను తీసి "నంబర్ బోల్" అంది. మా ఆయన నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "యాద్ లేదు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అబద్ధం చెప్పానన్న భయం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. చింతపండు గింజలు ఏరుతూ కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం రాలేదు నాకు.

ఎండ వాలుతుండగా బండి తిరిగొచ్చింది. నవ్వుతూ దిగారు, కోపం వచ్చినప్పుడు నవ్వే నవ్వు.

"బుద్ధుందా? కింద నిలబడి ఎవరైనా కొడతారా? బయటి దెబ్బ వినబడితే నా కాలు ఆగుతుందా, ముప్ఫై ఏళ్ళ అలవాటు. సిగ్నల్ ఇచ్చినవాడు కింద ఉంటాడు, బండి పోతుంది, అంతేగా!"

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

"కొంటా నాకా దగ్గర, బళ్ళు తనిఖీ చేసేచోట. ఎంతమంది అని జవాను అడిగాడు. ఇద్దరం, మా ఆవిడ వెనక పడుకుందన్నాను. వాడు తలుపు తీసి చూసి, ఎవరూ లేరే అన్నాడు. నా పరువు పోయింది తెలుసా? అనుమానంగా చూశాడు నన్ను."

గంట పైగా ప్రయాణం. "అంతసేపూ తెలియలేదా?"

"ఎలా తెలుస్తుంది? నీతో మాట్లాడుతూనే ఉన్నాను కదా. తమ్ముడి స్థలం గొడవంతా చెప్పాను. నువ్వు ఊఁ కొడుతున్నావనే అనుకున్నా."

అప్పుడు నాకు కోపం రావాలి. రాలేదు. లోపల ఏదో చల్లబడింది, అంతే. నేను లేకుండా కూడా నాతో మాట్లాడటం కుదిరింది ఆయనకు. మరి ముప్ఫై ఏళ్ళుగా అక్కడ కూర్చుని ఊఁ కొట్టింది ఎవరు? నేనేనా? నేను ఉన్నానా అసలు ఆ ఇంట్లో? చాలా ఏళ్ళ కింద అడగాల్సిన ప్రశ్న, దోర్నపాల్ సంతలో చింతపండు గింజల మధ్య అడుగుతున్నాను. దుఃఖంగానే ఉంది. అది దుఃఖమేనన్న దాంట్లో మాత్రం నాకు అయోమయం లేదు.

ఆయన ముందు సీట్లోకెక్కి అప్పుడే తమ్ముడికి ఫోను కలిపారు. "ఇవాళ మీ వదిన ఏం చేసిందో చెప్తే నమ్మవు" అని మొదలైంది. నేను మెట్టు దించి లోపలికి వెళ్ళాను. నా ఫోను, కళ్ళజోడు, మోకాళ్ళ మాత్రలు, ఆధార్ కార్డు, మూడు చీరలు, నా కత్తెర. సంచిలో అన్నీ పట్టాయి. అన్నం గిన్నెలో రాత్రికి సరిపడా ఉంది, మూత పెట్టాను. గ్యాసు చూశాను. గడియలు చూశాను. ఫ్రిజ్జు తాడు బిగించాను.

కిందికి దిగి ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"నేను రావట్లేదండీ. రామక్క దగ్గర ఉంటాను. సంత జీపులో వెళ్తాను."

"ఆఁ ఆఁ, ఎక్కు" అన్నారు, ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండా.

"వినండి. నేను కొంటాలో ఉండిపోతాను, బండిలో రాను. అన్నం గిన్నెలో ఉంది."

"సరే అన్నానుగా, త్వరగా కానీ, చీకటి పడితే నాకా దగ్గర ఆపేస్తారు." మళ్ళీ ఫోనులోకి, "ఏం లేదురా, మీ వదిన ఏదో అంటోంది."

రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పాలా అని ఆలోచించాను. అక్కడ ఆ జవాను ఎలాగూ అడుగుతాడు ఎంతమంది అని, ఈసారి ఆయన లెక్క సరిగా చెప్పుకోవాలి. వెనక్కి నడిచాను. చక్రాల కింద చూశాను, రాళ్ళు లేవు. వెనక తలుపు వేసి గడియ పెట్టాను. మెట్టు కాలితో తన్ని మడిచాను. సంచి భుజానికి తగిలించుకుని, అరచెయ్యి బండి మీద ఆనించాను. రేకు వేడిగా ఉంది. మధ్యాహ్నం కొట్టిన చెయ్యే. అప్పుడు దానికి ఏం తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు దెబ్బలు కొట్టాను.

"రైట్" అన్నారు లోపలి నుంచి.

దుమ్ము రేగి బుధ్రి చింతపండు మీద పడింది. ఆమె కొంగుతో విసురుకుంటూ రోడ్డు వైపు చూసింది.

"అక్కా, నీ ఇల్లు మళ్ళ పోతాంది."

"పోనియ్" అన్నాను. "ఈసారి నేనే పంపిన."